కిటికీ అవతలి చెయ్యి

కోమల ఎడమ కన్ను తెరిచింది.

ప్రార్థనలో కళ్లు తెరవకూడదు. ఆ సంగతి ఆరో తరగతి చదివే కోమలకు బాగా తెలుసు. అందుకే ఒక్క కన్నే తెరిచింది. రెండో కన్నును మాత్రం ఎంతో భక్తిగా మూసే ఉంచింది.

అది శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఒంటిపూట బడి వదలగానే కోమల నేరుగా ఇక్కడికే వచ్చింది. మోత్కూర్ రోడ్డు పక్కన ఉన్న వాళ్ల ఊరి చివర ఒక రేకుల గది. అదే వాళ్ల ప్రార్థన మందిరం. ప్రార్థన అయ్యాక అందరూ అక్కడే కలిసి తింటారు. మూలన అన్నం గంజు, దాని పక్కన పప్పుచారు గిన్నె పెట్టి ఉన్నాయి. పెద్దవాళ్లు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. కోమల మాత్రం పొద్దున్నే సర్వపిండి తిని బడికి వెళ్లింది. అయినా అక్కడున్న వాళ్లందరి ఆకలీ తనకే వేస్తున్నట్టు ఉంది. గంజు మీద మూత సరిగ్గా ఉందో లేదో చూద్దామనే ఆమె కన్ను తెరిచింది.

"ప్రభువా, నిన్ను నమ్ముకున్నందుకు శ్రమలు పడుతున్న నీ బిడ్డలను జ్ఞాపకం చేసుకో," అని పాస్టరయ్య ప్రార్థిస్తున్నాడు. "దెబ్బలు తిన్నవారిని ఆదరించు. ఇల్లు పోగొట్టుకున్నవారికి నీడనివ్వు."

"ఆమేన్," అన్నారు అందరూ. కోమల కూడా అన్నది.

ప్రతి శుక్రవారం ఈ ప్రార్థన ఉంటుంది. శ్రమలు పడే ఆ బిడ్డలు ఎక్కడో మంచు కురిసే దేశాల్లో ఉంటారని కోమల అనుకునేది. లేకపోతే పేరు పలకడానికి నోరు తిరగని ఊళ్లలో ఉంటారు. వాళ్ల ముఖాలు ఆమెకు తెలియవు, పేర్లు తెలియవు. ఆమేన్ అనేస్తే తన పని అయిపోయినట్టే.

మూత సరిగ్గానే ఉంది. కన్ను ఇక మూసుకుంటే బాగుండేది. కానీ అది కిటికీ వైపు తిరిగింది.

కిటికీ చువ్వల మధ్య నుంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి ఉంది. ఆ చేతిలో ఒక ఫోను ఉంది.

కోమల రెండో కన్ను కూడా తెరిచేసింది.

మనిషి కనిపించడం లేదు. గోడకు ఆనుకుని పక్కకు నిలబడినట్టున్నాడు. ముడతలు పడిన చెయ్యి, గోళ్ల చివర నీలం రంగు. నూలుకు రంగులు అద్దేవాళ్ల చేతులు అలాగే ఉంటాయి, ఎన్నిసార్లు కడిగినా ఆ రంగు పోదు. అంటే ఈ మనిషి మగ్గాల వాడ నుంచి వచ్చాడు. మగ్గాల వాడలో ప్రార్థనకు వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

కోమలకు కిందటి నెలలో పాస్టరయ్య చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. ఎక్కడో దూరాన, కొంతమంది ఒక గదిలో చేరి ప్రార్థన చేసుకుంటుంటే ఒకడు బయట నిలబడి ఫోనులో వీడియో తీశాడట. ఆ తర్వాత కొందరు కర్రలతో వచ్చి, లోపలివాళ్లను కొట్టి, గదికి తాళం వేసి వెళ్లారట. ఆ రాత్రి కోమలకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ ఫోను ఇక్కడికే వచ్చింది!

పాస్టరయ్య చివరి ఆమేన్ అనక ముందే చెయ్యి మాయమైంది. కోమల బయటికి పరుగెత్తి గది వెనక సందులో చూసింది. భుజాన తువ్వాల వేసుకున్న ఒక ముసలాయన మలుపు తిరిగి వెళ్లిపోతున్నాడు. అతను గుర్వయ్య తాత. నూలుకు రంగులద్ది, చీరలు నేసే గుర్వయ్య తాత.

అమ్మకు చెబుదామనుకుంది. కానీ అమ్మ యాదమ్మ మామూలు మనిషి కాదు. మొదట అడిగే ప్రశ్న ఏమిటో కోమలకు తెలుసు. "అందరం కండ్లు మూసుకున్నం గద, నీకెట్ల కనవడ్డదే?" అంటుంది. దానికి జవాబు దొరికేదాకా నోరు మూసుకోవడమే మంచిదని కోమల అనుకుంది.

తర్వాతి శుక్రవారం ఆమె కిటికీకి దగ్గరగా కూర్చుంది. చెయ్యి మళ్లీ వచ్చింది. కోమల చప్పుడు చేయకుండా లేచి, గది చుట్టూ తిరిగి సందులోకి వెళ్లింది.

"ఏం జేస్తున్నవ్ తాతా?"

గుర్వయ్య ఉలిక్కిపడ్డాడు. ఫోను గబుక్కున తువ్వాల కింద దాచాడు.

"ఏం లేదు బిడ్డా. మ్యాక తప్పిపోయింది. దేవులాడుతున్న."

"కిటికీలనా?"

తాత అటూ ఇటూ చూసి, గోడ వెంట గబగబా వెళ్లిపోయాడు. తప్పు చేయని మనిషి అలా వెళతాడా అనుకుంది కోమల.

మరునాడు బడిలో, మధ్యాహ్న భోజనానికి చేతులు కడుక్కునే నల్లా దగ్గర ఆమె మానసను పట్టుకుంది. మానసది మగ్గాల వాడ. వాళ్లిల్లు గుర్వయ్య ఇంటికి ఎదురుగానే ఉంటుంది.

"మానసా, గుర్వయ్య తాతకు మ్యాకలున్నయా?"

"మ్యాకనా? ఆయినకు కోడి గూడ లేదు," అన్నది మానస. "ఎందుకే?"

ఎందుకో చెప్పకుండా ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. కానీ కోమలకు కడుపులో మాట నిలవదు. అంతా చెప్పేసింది. కిటికీ, ఫోను, వీడియో, కర్రలతో వచ్చినవాళ్లు, తాళం. చెబుతున్నకొద్దీ కథ పెద్దదైంది. చివరికి గుర్వయ్య తాత వెనక ఇంకెవరో ఉన్నారని కూడా అనేసింది. అది ఆమె ఎక్కడా చూడలేదు.

"మా ఎదురింటి తాతనా?" మానస కళ్లు పెద్దవయ్యాయి. "గట్లాంటోడు కాదే."

"మరి అబద్ధమెందుకు జెప్పిండు?"

మానస తల గోక్కుంది. కోమలకు తన అనుమానం మీద ఇంకా గట్టి నమ్మకం కుదిరింది.

ఆ వారమంతా ఆమె కళ్లు గుర్వయ్య మీదే ఉన్నాయి. కిరాణా దుకాణం ముందు అతను ఫోనులో మాట్లాడుతూ కనిపించాడు. కోమల దగ్గరికి రాగానే మాట ఆపేశాడు. ఇంకోసారి రోడ్డు మీద ఎదురై, ఆమెను చూసి పక్క సందులోకి తిరిగాడు. ప్రతిదీ అనుమానంగానే ఉంది. అనుమానంతో చూస్తే మనిషి దగ్గినా అనుమానంగానే ఉంటుంది. ఆ సంగతి కోమలకు అప్పుడు తెలియదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. బయట ఎండ మండిపోతోంది. గదిలోని ఫ్యాను కిర్రు కిర్రుమని తిరుగుతోంది తప్ప గాలి రావడం లేదు. కిటికీ కింద ఒక బకెట్‌లో, బియ్యం కడిగిన నీళ్లున్నాయి. ఎవరో బర్రెకు పోద్దామని పక్కకు పెట్టుకున్నారు.

పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్లు మూసుకున్నారు.

చెయ్యి వచ్చింది.

కోమల బకెట్ దగ్గరికి పాకింది. పక్కనున్న చెంబు నిండా నీళ్లు ముంచింది. లేచి, చువ్వల మధ్య నుంచి బలంగా విసిరింది.

"అమ్మో!" అన్నది బయటి గొంతు.

దాని వెంటే ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, గరగరలాడుతూ, ఫోనులో నుంచి వచ్చింది.

"నాయినా? ఏమైంది నాయినా? ఎవరన్న వచ్చిర్రా? నాయి..."

అంతే. ఆ గొంతు తెగిపోయింది.

గదిలో అందరూ కళ్లు తెరిచారు. పాస్టరయ్య, యాదమ్మ సందులోకి పరుగెత్తారు. గుర్వయ్య తల మీద నుంచి తెల్లటి నీళ్లు కారుతున్నాయి. అతను ముఖం తుడుచుకోవడం లేదు. తువ్వాలతో ఫోనును తుడుస్తున్నాడు. మళ్లీ మళ్లీ బటను నొక్కుతున్నాడు. ఫోను వెలగలేదు.

"ఏమైంది పెద్దయ్యా? ఎందుకొచ్చినవ్?" అని అడిగింది యాదమ్మ.

"ఏం లేదు," అన్నాడు గుర్వయ్య. ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

"ఆయిన వీడియో తీస్తాండు!" కోమల అరిచింది. "ప్రతి శుక్రారం వస్తాండు. నేనే పట్టుకున్న!"

లోపల గుసగుసలు మొదలయ్యాయి. "నేను గూడ ఒకసారి సందుల జూసిన," అన్నది ఒక అవ్వ. "ఇగ తలుపులు గట్టిగ పెట్టుకోవాలె," అన్నది ఇంకొకామె. వాళ్ల ముఖాల్లో భయం చూస్తుంటే కోమలకు లోపల గర్వంగా ఉంది. ఇంతమందిని కాపాడింది తనే కదా.

యాదమ్మ మాత్రం మెచ్చుకోలేదు.

"ఫోన్ల ఎవరో నాయినా అని పిలిచిర్రు. ఇన్నవా?"

"ఇన్న."

"వీడియో తీస్తుంటే ఫోన్ల మనిషి ఎట్ల మాట్లాడతడే?"

కోమల ఆలోచించింది. గర్వం కొంచెం జారింది.

"అందరం కండ్లు మూసుకున్నం గద. నీకెట్ల కనవడ్డది?"

అమ్మ ఆ ప్రశ్న అడుగుతుందని తెలిసి కూడా కోమల ఇన్ని రోజుల్లో జవాబు తయారు చేసుకోలేదు.

పొద్దుగూకే ముందు యాదమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని మగ్గాల వాడకు వెళ్లింది. గుర్వయ్య ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. తట్టగానే అతని భార్య నర్సింగమ్మ తలుపు కొంచెమే తెరిచి, ఆ సందులో నుంచి చూసింది.

"ఎందుకొచ్చిర్రు? మిమ్ములనెవరు పంపిర్రు?"

"ఎవరు పంపలే అవ్వా. తప్పు మా బిడ్డది. మాఫ్ చెయ్యమని అడగనీకొచ్చినం."

నర్సింగమ్మ నమ్మలేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. తర్వాతే లోపలికి రానిచ్చింది. వెంటనే తలుపు గడియ పెట్టింది.

గుర్వయ్య మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. మగ్గం ఆడటం లేదు. పక్కన బియ్యం డబ్బా ఉంది, ఆ బియ్యంలో సగం వరకు దూర్చిన ఫోను కనిపించింది. నీళ్లు తాగిన ఫోనును అలా పెడితే తేమ పీల్చుకుంటుందని ఎవరో చెప్పారట.

"ఎవరితోని చెప్పనంటెనే చెప్త," అన్నాడు గుర్వయ్య.

"చెప్పం," అన్నది యాదమ్మ. కోమల కూడా తల ఊపింది.

"మా సురేశ్ బట్టల మిల్లుల పనికి పోయిండు. శాన దూరం. అక్కడ మీ ప్రార్థనలకు పోవుడు మొదలువెట్టిండు. నాకు కోపమొచ్చింది. మాట్లాడుడే బంద్ జేసిన. మొన్న చలికాలంల వాళ్లు ప్రార్థన జేసుకుంటుంటే ఎవరో వచ్చి కొట్టిర్రు. గదికి తాళమేసిర్రు. ఇంటాయిన వీన్ని సామాన్లతోని బయటికి పంపిండు. దెబ్బలు తాకి చెయ్యి వాసినంక నాకు ఫోన్ జేసిండు. గప్పుడు నా కోపం ఏడికి వోయిందో నాకే తెల్వదు."

నర్సింగమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇప్పుడు వానికి కలిసి ప్రార్థన జేసుకునేటందుకు మనిషి లేడు, జాగ లేదు," అన్నాడు గుర్వయ్య. "నాయినా, మనూర్ల శుక్రారం ప్రార్థన అయితది గద, జర ఫోన్ల ఇనిపియ్యవా అన్నడు. నాకు మీ దేవుని ముచ్చట తెల్వదు బిడ్డా. నా కొడుకు ముచ్చట తెలుసు. మీ పాస్టరయ్య దెబ్బలు తిన్నోళ్లని ఆదరించు అన్నప్పుడల్లా వాడు అవతల ఏడుస్తడు. ఏడ్చినంక జర తేలికయిందంటడు. అందుకే వస్తున్న."

"లోపలికి రావద్దా పెద్దయ్యా?"

"వస్తే మగ్గాల వాడ మొత్తం అడుగుతది. వానికింక పెండ్లి గాలే. ఈడ తెలిస్తె పిల్లనెవరిస్తరు? ఇంటికొస్తె ఎవరు పలకరిస్తరు? అక్కడ తాకిన దెబ్బలు చాలు." గుర్వయ్య ఒక్కసారి కోమల వైపు చూశాడు. "ఫోన్ల నా కేక ఇన్నడు. నన్ను గూడ ఎవరో కొట్టిర్రనుకుంటున్నడేమో."

మంచు దేశాల్లో ఉన్నాడనుకున్న మనిషి మానస ఎదురింటివాడు! అక్కడివాళ్లు గదికి తాళం వేస్తే, ఇక్కడ తను చెంబుతో నీళ్లు పోసింది. ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"నీ ఫోను నుంచి తాత మాట్లాడితె మంచిగుంటది అమ్మా," అని మెల్లగా అన్నది.

యాదమ్మ తన ఫోను ఇచ్చింది. గుర్వయ్య నంబరు నొక్కి, "నాకేం గాలేదురా. నీళ్లు మీద పడ్డయ్, గంతే," అని చెప్పి, నంబరు చెరిపేసి వెంటనే ఇచ్చేశాడు. ఎవరు పోశారో చెప్పలేదు.

తిరిగి వస్తుంటే కోమలకు ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. మానసకు అంతా చెప్పేసింది కదా!

శనివారం బడి గేటు దగ్గరే తెలిసిపోయింది, మానసకు కూడా కడుపులో మాట నిలవదని. పిల్లలు గుంపుగా చుట్టుముట్టారు.

"గుర్వయ్య తాత దొంగ వీడియోలు తీస్తాండట గద?" అన్నాడు బాలకృష్ణ. అతని తాత రామచంద్రయ్య మగ్గాల వాడకు పెద్దమనిషి. "మా తాత ఇయ్యాల సాయంత్రం ఆయిన్ని పిలిచి అడుగుతడట. మందిరం కాడికి ఎందుకు పోయినవని."

పిలిచి అడిగితే గుర్వయ్య ఏం చెబుతాడు? మేక అంటాడా? ఆ వాడలో ఆయనకు మేక లేదని తెలియనిది ఎవరికి? సురేశ్ సంగతి బయటపడుతుంది. అది కోమల వల్లే బయటపడుతుంది.

"ఆయిన వీడియో తియ్యలే," అన్నది కోమల గట్టిగా. "నేనే తప్పు అనుకున్న. తెల్వకుండ అందరికి జెప్పిన."

"మరి ఎందుకొచ్చిండు?"

నిజం నాలుక చివర దాకా వచ్చింది. చెబితే అందరూ నోళ్లు తెరుచుకుని వింటారు. తన మీద నవ్వరు. అంత పెద్ద సంగతి కోమల జీవితంలో ఎప్పుడూ తెలియలేదు. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ క్షణంలోనే తెలిసింది.

"నేను జెప్ప," అన్నది.

"తెలిస్తె గద చెప్పేది!" అన్నాడు బాలకృష్ణ. అందరూ నవ్వారు. "సీఐడీ కోమల" అని పేరు పెట్టారు. మానస నవ్వలేదు. ఆమెకు కోపం వచ్చింది.

"నీ మాట నమ్మి మా ఎదురింటి తాతను దొంగను జేసిన," అన్నది.

"అవును. తప్పు నాదే. నాతోని రామచంద్రయ్య తాత కాడికి వస్తవా? నాకు ఒక్కదానికి భయమైతాంది."

మానస కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత వచ్చింది.

రామచంద్రయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోమల చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

"తాతా, గుర్వయ్య తాత మీద చెడ్డ మాట పుట్టిచ్చింది నేనే. ఆయినేం తప్పు చెయ్యలే. నేనే ఆయిన మీద నీళ్లు వోసి ఫోను ఖరాబ్ జేసిన."

రామచంద్రయ్య కళ్లు చిన్నవి చేసి చూశాడు. "మరి ఆడికెందుకు వోయిండు? నీకు తెలుసు గద. ముఖం జూస్తెనే తెలుస్తాంది."

"నేను జేసింది నేను జెప్పిన తాతా. ఆయినది ఆయిన జెప్పాలె. నేను జెప్పొద్దు."

ఆయన నమ్మినట్టు లేదు. కోమల కళ్లు దించలేదు. చివరికి ఆయన తువ్వాల దులుపుకుని లేచాడు.

"సరే పో. ఇయ్యాల పిలవనులే," అన్నాడు.

ఆ వారం కోమల వాళ్ల నాన్న ఎల్లేశం గుర్వయ్య ఫోనును తన ఆటోలో మోత్కూర్ తీసుకుపోయి చూపించాడు. అది బాగుపడదన్నారు. గుర్వయ్య ఇంకో ఫోను తెచ్చుకునేదాకా శుక్రవారం ఎలా? కోమలకు అదే ఆలోచన. వెళ్లి అడిగితే గుర్వయ్య రానన్నాడు.

"అందరి కండ్లు నా మీదనే ఉన్నయ్ బిడ్డా. వద్దు."

"నంబరన్న ఇయ్యి తాతా. అమ్మ ఫోన్ల ప్రార్థన నేనే ఇనిపిస్త."

గుర్వయ్య ఆమెను అనుమానంగా చూశాడు. ఈ పిల్లకు కొడుకు నంబరు ఇవ్వొచ్చా? అతను నర్సింగమ్మ వైపు తిరిగాడు. రామచంద్రయ్య అరుగు మీద జరిగిన సంగతి ఆమె మానస వాళ్లమ్మ దగ్గర విన్నది.

"ఇయ్యి. ఆ పిల్ల నోరు జారలే," అన్నది నర్సింగమ్మ. "పాస్టరయ్యకు జెప్పుర్రి గని, మాట మందిరం దాటి పోవద్దు."

శుక్రవారం ప్రార్థనకు అందరూ చేరారు. సురేశ్ పేరు బయటికి పోకూడదని పాస్టరయ్య ముందే అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. కోమల అమ్మ ఫోను తీసుకుని నంబరు నొక్కింది.

చాలాసేపు మోగింది. అవతల ఎత్తారు గానీ మాట్లాడలేదు.

"హలో?"

"కౌన్?" అన్నది గొంతు. తర్వాత ఇంకా మెల్లగా, "ఎవరు మీరు? నా నంబరు ఎవరిచ్చిర్రు?"

తెలియని గొంతు అంటేనే అతనికి భయమని కోమలకు అర్థమైంది. ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకిప్పుడు కొంచెం తెలుసు. పాస్టరయ్యకు ఫోను ఇచ్చేస్తే పని సులువయ్యేది. ఆమె ఇవ్వలేదు.

"అన్నా, నేను కోమల. మొన్న గుర్వయ్య తాత మీద నీళ్లు వోసిన పిల్లను నేనే. తాతను చెడ్డోడనుకున్న. నీ ప్రార్థన నడుమల ఆగిపోయింది నా వల్లనే. నన్ను మాఫ్ చెయ్యి."

కోమల ఫోను పెట్టేస్తాడేమో అనుకుంది.

"నాయిన జెప్పలే," అన్నాడు సురేశ్. "నీళ్లు మీద పడ్డయనే అన్నడు. నాయిన ఉన్నడా ఆడ?"

"రానన్నడు," అంటూనే కోమల కిటికీ దగ్గరికి వెళ్లింది. సందులో అవతలి గోడకు ఆనుకుని గుర్వయ్య నిలబడి ఉన్నాడు. రానని చెప్పిన మనిషి వచ్చాడు. దగ్గరికి రావడానికి మాత్రం వెనకాడుతున్నాడు.

"ఉన్నడన్నా!" కోమల ఫోనును చువ్వల మధ్య నుంచి బయటికి చాపింది. "రా తాతా. బకెట్ అవతల పెట్టిర్రు."

గుర్వయ్య మెల్లగా వచ్చి కిటికీ కింద నిలబడ్డాడు.

"శ్రమల్లో ఉన్నవాళ్ల కోసం ఇయ్యాల ఎవరు ప్రార్థన చేస్తరు?" అని అడిగాడు పాస్టరయ్య.

"నేను జేస్త," అన్నది కోమల. ఇంతకుముందు ఆమె ఎప్పుడూ అలా అనలేదు. ఫోనును స్పీకరులో పెట్టి నోటి దగ్గరికి తెచ్చుకుంది. "అన్నా, నీ కోసం ఏమని అడగాలె?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"ఆ రోజు వచ్చినోళ్లల్ల ఒకడు నా పక్క మగ్గం మీద పనిచేస్తడు," అన్నాడు సురేశ్. "రోజు వాని పక్కనే నిలవడాలె. వాన్ని జూస్తె కోపమొస్తది, భయమైతది. ఆ రెండు తీసెయ్యమని అడుగు."

కిటికీ కింద గుర్వయ్య తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. కొడుకు ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

కోమల మొదలుపెట్టింది. పాస్టరయ్య మాటలేవీ ఆమెకు గుర్తు రాలేదు.

"ప్రభువా, మా సురేశన్నకు కోపం తీసెయ్యి. భయం తీసెయ్యి. ఆ పక్క మగ్గం మనిషికి గూడ మంచి మనసియ్యి. మళ్లా ఎవరు కొట్టకుండ చూడు. వాళ్ల గది తాళం తియ్యి."

ఆ తర్వాత ఏమనాలో తెలియక ఆగింది. ఫోనులో సురేశ్ ఊపిరి వినిపిస్తోంది.

కిటికీ అవతల నుంచి గుర్వయ్య గొంతు మెల్లగా అందించింది.

"వానికి యాళ్లకు ఇంత అన్నం దొరకాలని గూడ అడుగు బిడ్డా."

కోమల అది కూడా అడిగింది.